బొమ్మకు కొసరు లేదు

జూన్ 2. పొద్దున్నే.

ఈ రోజు నుంచి మా ప్రసన్న బొమ్మలకు రేట్లు నేను చెబుతాను. ఖాయం.

ముందు ఆ బొమ్మల సంగతి రాయాలి. కట్టబోయే ఇల్లు ఎలా ఉంటుందో పునాది తీయకముందే కంప్యూటర్లో చేసి చూపిస్తుంది నా కూతురు. ప్లాను కాగితం ఇస్తే చాలు. గోడలు, కిటికీలు, మెట్లు, వరండాలో పడే ఎండ కూడా! మొన్న ఒక బొమ్మ చూసి, ఈ ఇల్లు ఏ వీధిలో ఉందమ్మా అని అడిగాను. ఇంకా ముగ్గు కూడా పోయలేదు నాన్నా అంది. నాకు కళ్ళు చెమర్చాయి. నేను ఏడో తరగతి. ముప్పై ఏళ్ళు మాచర్లలో నాపరాళ్ళ డిపో నడిపి బండలు అమ్మినవాణ్ణి. నాకు ఇలాంటి పిల్ల!

విజయవాడ ఆఫీసులో ఉన్నప్పుడు బొమ్మ దానిది, మూలన పేరు యజమానిది. అందుకే మానేసి వచ్చి ఇంట్లో సొంతంగా మొదలుపెట్టింది. ఇప్పుడు ప్రతి బొమ్మ కిందా 'ప్రసన్నలక్ష్మి, మాచర్ల' అని ఉంటుంది. ఆ పేరు నేను రోజుకు ఎన్నిసార్లు చదువుకుంటానో నాకే తెలియదు. ఆఫీసు వాళ్ళు మాత్రం నెలాఖరు దాకా సీటు ఉంచుతామన్నారు. ఇక్కడ గిట్టకపోతే మళ్ళీ పోవాలి. మళ్ళీ ఆ మూలన ఇంకొకరి పేరు.

ఎందుకు గిట్టదు? పని బంగారం. నోరే లేదు. ఎవరైనా ఎంతమ్మా అంటే "మీ ఇష్టమండీ" అంటుంది. వాళ్ళ ఇష్టం ఎప్పుడూ తక్కువే.

నిన్న ఇద్దరం కూర్చుని లెక్క కట్టాం. బొమ్మకు మూడు రోజుల పని, కరెంటు, కంప్యూటరు అరుగుదల, దాని కష్టం. ఐదు వేలు. ఇటు మనకు నష్టం లేదు, అటు వాళ్ళకు అన్యాయం లేదు.

నా నియమాలు:
రేటు ఒకే మాట.
సగం ముందు.
మార్పులు రెండుసార్లు ఊరికే. మూడోదానికి డబ్బు.
చుట్టరికం లేదు, స్నేహం లేదు. కొసరు అసలే లేదు.

ఫోను నా జేబులో ఉంది. ఇంకా మోగలేదు. మోగనీ, చూపిస్తాను.

జూన్ 3.

మోగింది! గురజాల నుంచి జయపాల్ గారని ఒక బిల్డరు. కింద షాపులు, పైన ఇల్లు కడుతున్నాడట. ఎంత అని అడిగాడు. గొంతు సవరించుకుని ఐదు వేలు అన్నాను.

సరేనండీ అన్నాడు.

అంతే. బేరం లేదు, అబ్బో అనడం లేదు. నా జీవితంలో ఒక్కడు కూడా ఇలా అనలేదు. మరీ ఎక్కువ చెప్పామేమో, పాపం ఆయన అమాయకుడేమో అనిపించింది. బేరమాడాల్సినవాడు ఆడకపోతే ఆ పని ఎవరో ఒకరు చేయాలి కదా. సర్లే బాబూ, నాలుగున్నర ఇవ్వు అన్నాను.

ప్రసన్న పక్కనే ఉంది. ఆయన అడగలేదు కదా నాన్నా అంది. అడిగించుకోవడం ఏం మర్యాద అన్నాను. లెక్క కట్టిన కాగితం తీసి నా ముందు పెట్టింది.

ఇది తగ్గింపు కాదు. బోణీ.

జూన్ 6.

గురజాల బొమ్మ వెళ్ళింది. ఏం చేసిందండీ! షట్టర్లు, పైన వరండా, వరండా గోడకు పాకిన తీగ. జయపాల్ గారు చాలా బాగుందన్నాడు. ఆ మాట వినగానే నా నోరు ఆగలేదు. రాత్రి లైట్లు వేస్తే ఎలా ఉంటుందో అదీ పంపిస్తాం, కొసరు అనుకోండి అన్నాను.

లైట్లంటే స్విచ్చి వేయడమే అనుకున్నాను. రెండు రోజుల పనట.

"నాన్నా, బండలు దారిలో పగుల్తయ్యని వందకి రెండు ఎక్కువేసేవాడివి. బొమ్మ ఫోన్లో పోద్ది. అదెక్కడ పగులుద్ది?" అంది.

మాట నిజమే. కానీ నా చేయి ఊరుకోదు. కొసరు లేకుండా సరుకు పంపితే, భోజనానికి పిలిచి మజ్జిగ పోయకుండా లేపినట్టు ఉంటుంది. రేపటి నుంచి కొసరు బంద్.

జూన్ 9.

గోపాలకృష్ణయ్య మాస్టారి ఫోను. నాకు ఎక్కాలు నేర్పినవారు, ఎనభై దాటాయి. పాత ఇంటి మీద అంతస్తు వేస్తున్నారట. ఒరే పోలయ్యా, ఎంతరా అన్నారు. ఆ గొంతు వినగానే లేచి నిలబడ్డాను. చేతులు వాటంతట అవే కట్టుకున్నాయి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుంది.

"మీ ఇష్టం మాస్టారూ" అన్నాను.

అయ్యో. అది ప్రసన్న మాట కదా. ఆ జబ్బు దానికి ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

సరే, గురువులు లెక్కలోకి రారు.

జూన్ 12.

మాస్టారి మార్పులు: కిటికీలకు ఆకుపచ్చ రంగు. మెట్లు ఎడమకు. మెట్లు మళ్ళీ కుడికి. ఇంటి ముందు కొబ్బరి చెట్టు. చెట్టుకు కాయలు. కాయలు మరీ ఎక్కువయ్యాయి, తగ్గించాలి.

రెండుసార్ల నియమం ఏమైందో అడగొద్దు. ఆఖరి మార్పు నాదే. మాస్టారిని కూడా వరండాలో పడక్కుర్చీ వేసి కూర్చోబెట్టమన్నాను. ఎంత బాగా కుదిరారో! చేతిలో పేపరు కూడా ఉంది.

సాయంత్రం. పక్కింటి జైనాబ్ బీ పొద్దున వచ్చింది. బట్టలు కుడుతుంది. తన కొట్టు మీద రెండు గదులు వేయాలట. ఈసారి గట్టిగా ఐదు వేలు అన్నాను. శభాష్ పోలయ్యా! ఆమె "సరే అన్నా" అని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం గిన్నెడు పులావు పంపింది. తిన్నాక ఆ ఐదు వేలు గొంతుకు అడ్డం పడ్డాయి. గిన్నె ఇవ్వడానికి వెళ్ళి మూడు వేలు చాలమ్మా అని వచ్చాను.

ఇక్కడ రేటు తగ్గలేదు. పులావు రెండు వేలది. ఈ లెక్క మా ఆవిడ రాములమ్మకు కూడా చెప్పాను.

"ఆ లెక్కన ఇన్నేళ్ళు నేను వండిపెట్టిన దానికి నాకెంతివ్వాల?" అంది.

జూన్ 16.

నిన్న టీకొట్టు దగ్గర నలుగురికీ ఫోనులో బొమ్మలు చూపించాను. చూపించకుండా ఎలా ఉంటాను? అందరూ ఆహా అన్నారు. ఆహా అన్న ప్రతివాడికీ ఒకటి చేయిస్తానన్నాను. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అంత సంతోషంలో డబ్బు మాటేమిటి?

ఈ రోజు చూస్తే ప్రసన్న కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అన్నం పళ్ళెం కంప్యూటరు పక్కనే ఎండిపోయింది. ఈ రెండు వారాల్లో ఆఫీసులో కంటే ఎక్కువ పని చేసింది. ఆ జీతంలో సగం కూడా రాలేదు. విజయవాడకు ఫోను చేసి ఎప్పుడు చేరాలో కనుక్కుంటాను నాన్నా అంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

నియమాలు ఉన్న పేజీ తీసి చదువుకున్నాను. ఒక్కటీ మిగల్లేదు.

జూన్ 17.

రాయబుద్ధి కావడం లేదు.

జూన్ 19.

జయపాల్ గారు బండల కోసం మాచర్ల వచ్చి, మిగతా డబ్బు ఇవ్వడానికి మా ఇంటికి వచ్చాడు. మంచి మనిషి. మాటల్లో, ఇంకో పెద్ద పని, కల్యాణమండపం ఒకటి కడుతున్నానన్నాడు. దాని బొమ్మలు నరసరావుపేటలో ఎవరికో ఇచ్చాడట. ఒక్కోటి ఎనిమిది వేలకు! మా పని నచ్చలేదా బాబూ అని అడిగాను. చెప్పడానికి మొహమాటపడ్డాడు.

"పని చానా బాగుంది పెద్దాయనా. కాకపోతే ఆ రోజు నేనడక్కుండానే ఐదొందలు తగ్గించారు. ఏందో తేడా లేకపోతే ఎందుకు తగ్గిస్తారనుకొని నరసరావుపేట ఆయనకి మాటిచ్చేశా. బొమ్మొచ్చినాక చూస్తే ఏ తేడా లేదు."

ఇది నాకు తెలియని సంగతా? అడగకుండా రేటు తగ్గించినవాడి బండను నేను వేలితో తట్టి మరీ చూసేవాణ్ణి, లోపల చీలిక ఉంటుందని. నా బిడ్డ పనిలో చీలిక ఉందని ఊరికి నేనే చెప్పుకున్నాను.

ఆయన తమ్ముడి ఇంటికి మూడు బొమ్మలు కావాలట. ఎంతకు చేస్తారు అన్నాడు. నేను భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ప్రసన్న వైపు చేయి చూపించాను.

అది కుర్చీలో ఇటు తిరిగింది.

"ఒక్కోటి ఐదు వేలండీ. మార్పులు రెండుసార్లు. రాత్రి బొమ్మకి వేరే."

"మొన్న నాలుగున్నరకి చేశారుగా అమ్మా?"

"అది మా నాన్న తగ్గించాడండీ. నేను తగ్గించలా."

నేను పెరట్లోకి వెళ్ళిపోయాను. అక్కడే ఉంటే మూడు వేలకు ఇచ్చేసేవాణ్ణి. జామచెట్టు పట్టుకుని నిలబడ్డాను. మీ ఇష్టమండీ అనేస్తుందేమోనని చెవులు రిక్కించాను. అనలేదు.

కాసేపటికి రాములమ్మ వచ్చింది. ఐదు వేల లెక్కనే సగం డబ్బు ఫోనులో అప్పుడే వేశాడట. ఇక తను కట్టే ప్రతి ఇంటికీ బొమ్మ ఇక్కడే చేయిస్తానన్నాడట. ప్రసన్న విజయవాడకు ఫోను కలిపి, రావడం లేదని చెబుతోందట.

జామచెట్టును కావలించుకుని ఏడ్చాను. ఆనందమే.

జూన్ 20.

ఫోను ప్రసన్నకు ఇచ్చేశాను. టీకొట్టు వాళ్ళందరికీ వరుసగా రేటు చెప్పింది. ఇద్దరు జారుకున్నారు. ఇద్దరు సగం పంపారు.

నేను ఇక అమ్మేవాణ్ణి కాదు, కొనేవాణ్ణి. మా డాబా మీద ప్రసన్న పని చేసుకోవడానికి ఒక గది వేయాలి, గాలీ వెలుతురూ వచ్చేలా. దానికి బొమ్మ చేయాలమ్మా, ఎంత అని అడిగాను. ఐదు వేలు నాన్నా అంది. నవ్వలేదు. నా గుండె ఎంత పొంగిందో!

"ఇంత పనికి ఐదేనా? ఆరు తీసుకో" అన్నాను.

"చెప్పిన రేటు చెప్పినట్టే."

"పోనీ, ఐదున్నర."

రాములమ్మ చేట పక్కన పెట్టింది. "అమ్మేటప్పుడు తగ్గించె, కొనేటప్పుడు పెంచె. ఇట్టాంటి బేరగాడు పల్నాడంతా ఎతికినా దొరకడు" అంది.

నిజమే. తగ్గించకూడదని రాసుకున్నాను గానీ పెంచకూడదని రాసుకోలేదు. అందుకే రేపటి నుంచి మళ్ళీ కొత్తగా మొదలు. ఈసారి ఒకటే నియమం. ప్రసన్న చెప్పిందే రేటు. తగ్గించను, పెంచను. ఖాయం.

ఐదు వేల నూట పదహార్లు అయితే పెంచినట్టు కాదేమో. అది శుభం. పొద్దున్నే అడిగి చూస్తాను.