గట్టు మీద పెట్టిన ఒట్టు

టోవా పాయో, సింగపూర్
24-10-1999, ఆదివారం

చి.ల.సౌ. వసుంధరకు,

ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం అలవాటు గనక అలాగే మొదలుపెట్టబోయాను. తీరా చూస్తే ఈ ఇంట్లో ప్రస్తుతం ‘అందరం’ అంటే నేనూ, కారిడార్లో నీ తులసి మొక్కా, ట్యూబులైటు వెనక కాపురముంటున్న బల్లీ. ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వూ, నిఖిలా, అల్లుడూ, ఇంకా పేరు పెట్టించుకోని ఆ చిన్న దొరసానీ కులాసా అని తలుస్తాను.

మంగళవారం నీ ఉత్తరం అందింది. పిల్లకు నా ముక్కు వచ్చిందని నిఖిల దిగులు పడుతోందని రాశావు. దిగులెందుకు? ఈ ముక్కుతోనే గదా తంజోంగ్ పగార్ రేవులో అంతెత్తు క్రేను మీద కూర్చుని వాన ఎటునుంచి వస్తుందో ముందే చెప్పేవాణ్ణి. ఫోర్‌మన్ రేడియో కట్టేసి నా ముక్కును అడిగేవాడు. పిల్ల అదృష్టవంతురాలని చెప్పు.

బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. నడుమ రెండుసార్లు మరిచాను, అదీ నువ్వడిగావు గనక చెబుతున్నాను. వంట సంగతికొస్తే, చారు కుదురుతోంది, కూరలు కుదరడం లేదు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నిటికీ మతి పోతుందట, అందుకే అల్లుడు ఆఫీసులోనే పడుకుంటున్నాడు, నిజమేనా అని అడిగావు. ఇక్కడా అదే గోల. రెండు సున్నాలు పక్కపక్కన కనిపించేసరికి యంత్రం తన వయసు తాను మరిచిపోతుందట. నాకు అరవై దాటినప్పటినుంచీ అదే జబ్బు. నన్ను బాగుచెయ్యడానికి మాత్రం ఎవరూ ఇంజనీర్లను పెట్టలేదు.

ఇక నీ నాలుగో ప్రశ్న. “పడవ అమ్మేశారా లేదా?” అని రాసి, కింద గీత కూడా గీశావు. జవాబు ఉంది. కాకపోతే ఒక్క మాటలో చెబితే నువ్వు నమ్మవు, నమ్మినా సగమే తెలుస్తుంది. నెమ్మదిగా చదువు. పాప నిద్రపోయాక చదివినా సరే.

నిఖిల పురిటికి బయల్దేరుతూ ఎయిర్‌పోర్టులో నువ్వు నాచేత ఒట్టు వేయించుకున్న మాట నేను మరిచిపోలేదు. “నేను తిరిగొచ్చేలోపు ఆ కయాక్ ఇంకొకరి చేతికి పోవాలి. పోయేదాకా అందులో కాలు పెట్టనని నా మీద ఒట్టెయ్యండి” అన్నావు. వెనక క్యూలో ఉన్న చైనావాళ్లు మనది ఏదో పెళ్లి తంతు అనుకుని నవ్వుతున్నారు. వేశాను. పోయినేడు నీళ్ల మీద నాకు కళ్లు తిరిగి, తెడ్డు ఒళ్లో పెట్టుకుని కొట్టుకుపోతుంటే పోలీసు లాంచీ తాడు కట్టి లాక్కొచ్చింది గదా, ఆ రోజునుంచీ నీకు ఆ పడవ మొహం చూస్తేనే పడదు. న్యాయమే.

అందుకని నువ్వెళ్లిన వారానికే సెరంగూన్ రోడ్డులో మనం కరివేపాకు కొనే కొట్టు గోడకు కాగితం అంటించాను. “ఇద్దరు కూర్చునే కయాక్, మంచి స్థితిలో ఉన్నది. యజమాని స్థితి బాగాలేక అమ్మబడును.” దాన్ని చూసి వచ్చాడు లోహిత్. కరీంనగర్ కుర్రాడు, మన ఎదుటి బ్లాకులో ఇంకో అయిదుగురితో కలిసి ఉంటాడు. వీడిదీ ఆ సున్నాల ఉద్యోగమే. కళ్లు చూస్తే నిద్ర మొహం చూసి ఎన్నాళ్లయిందో అనిపిస్తుంది.

చాంగీ ఒడ్డున, పడవలు దాచిపెట్టే హమీద్ షెడ్డుకు తీసుకెళ్లి పడవ చూపించాను. చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

“అంకుల్, గిది పడవనా, పనసకాయ తొక్కనా?”

“కూర్చుంటే పడవ, బోర్లాపడితే తొక్క.”

“మోటర్ ఏడున్నది?”

“నీ భుజాల్లో ఉంది నాయనా. ఇన్నాళ్లూ స్టార్టు చెయ్యలేదంతే.”

సామానంతా నేల మీద పరిచాను. రెండు గాలపు కర్రలు, రీళ్లు, చేతి వల, లంగరు, లైఫ్ జాకెట్లు. నువ్వు ‘బొమ్మల కొలువు’ అని వెక్కిరించే నా ఎరల పెట్టె. అందులో వెండి రంగు బొమ్మ చేప, ఎర్రతల చేప, ముక్కు విరిగినా నేను పారెయ్యని ఆ ముసలి చేప. దారం చివర మూరెడు మందపాటి నైలాను ఎందుకు ముడెయ్యాలో చెప్పాను. పండుగప్ప మొప్ప రేకు బ్లేడు లాంటిది, సన్న దారాన్ని దువ్వెనతో జుట్టు దువ్వినట్టు దువ్వి తెంపేస్తుంది. నా అలవాట్లూ చెప్పాను. అల్లం వేసిన మజ్జిగ సీసా, నీళ్లను ముందు వేళ్లతో తాకి కళ్లకద్దుకోవడం, ప్రతి వస్తువునూ పురికొసతో పడవకు కట్టడం. కళ్లజోడు, టిఫిను డబ్బా, పెట్టె, కత్తి, అన్నీ కట్లే.

వాడు ఆ కట్లన్నీ చూసి, “మిమ్మల్ని గూడ దేనికన్న కట్టుకుంటరా అంకుల్?” అన్నాడు.

“నన్ను ఎప్పుడో కట్టేశారు. ముళ్లు మూడూ వేసింది నేనే, కట్టుబడిందీ నేనే.”

నవ్వాడు. మంచి నవ్వు. నీకు నచ్చుతాడు.

ఇక్కడ ఒక్క మాట పక్కకు వెళ్లి వస్తాను. మా కోరంగి మడలో చిన్నప్పుడు తిన్న పండుగప్పే ఇక్కడ మలాయ్‌వాళ్ల సియాకప్ అని నీకు తెలుసు. మొన్న లైబ్రరీలో చదివితే తెలిసింది, పండుగప్ప మగగా పుట్టి, పెరిగి పెద్దయ్యాక ఆడదవుతుందట! నువ్వు పక్కనుంటే ‘అందుకే పెద్ద చేపలకు బుద్ధి ఎక్కువ’ అనేదానివి. నేను నీ వంతు మాట కూడా నేనే అనుకుని, ఒక్కణ్ణే నవ్వుకుని, పుస్తకం తిరిగిచ్చేసి వచ్చాను.

సరే. మహాలయ అమావాస్య మర్నాడు, ఆదివారం తెల్లవారు జాము. నీళ్లు బాగా తీసి ఉన్నాయి. ఎదురుగా ఉబిన్ దీవి మడచెట్లు ఇంకా నిద్రలో ఉన్నాయి. దూరాన లంగరేసిన ఓడల దీపాలు ఒక్కొక్కటే ఆరుతున్నాయి, ఊళ్లో అమ్మలక్కలు వాకిట్లో దీపాలు తగ్గించినట్టు. నీళ్లు ఎలా ఉన్నాయంటే, తెడ్డు ముంచితే చప్పుడు రాలేదు వసుంధరా, చల్ల కుండలో చెయ్యి పెట్టినట్టుంది. ఎండ పొడిచాక నెత్తి మీంచి విమానం ఒకటి చక్రాలు చాపుకుని వెళ్లింది. దాని నీడ మా మీంచి పాకి, నీళ్ల మీంచి పాకి, చెట్లలోకి వెళ్లిపోయింది. పోటు మొదలైంది. పోటు నీళ్లు మడవేళ్ల మధ్యకు ఎక్కుతుంటే రొయ్య పిల్లలు ఆ సందుల్లోకి పరిగెడతాయి, పండుగప్ప సందు మొదట్లో అరుగు మీద పెద్దమనిషిలా కూర్చుని ఉంటుంది. ముందు సీట్లో లోహిత్ ఎర విసిరాడు, నాలుగోసారికి చెట్లకు తగలకుండా పడింది. ఆ తరవాత వాడి తల మెల్లగా వాలింది. నిద్రపోయాడు. నేను లేపలేదు. ఒక కుర్రవాడు నిజంగా నిద్రపోవడం చూసి చాలా కాలమైంది. మేము అలా పోటుతో పాటే, ఎవరో ఉయ్యాల తోసినట్టు, ఒడ్డు వెంట జరిగాము. నిఖిల కడుపులో ఉన్నప్పుడు నువ్వు పాడుకునేదానివే, ఆ పాట నోట్లోకి వచ్చింది. మాటలు గుర్తులేవు, రాగం ఉంది.

‘మేము’ అని రాశానని నువ్వీపాటికి గమనించే ఉంటావు.

అవును. వెళ్లాను. “టెస్టింగ్ చెయ్యకుంట ఎట్ల తీసుకుంట అంకుల్? మా ఫీల్డ్ల గది నడువది” అన్నాడు వాడు. ఒక్కణ్ణే పంపితే మునుగుతాడు. పంపకపోతే కొనడు. కొనకపోతే నీ మాట దక్కదు. ఇలా లెక్క వేసుకుని, నీ మాట దక్కించడానికే నీ మాట తప్పుతున్నానని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఈ తెలివికి నువ్వేం పేరు పెడతావో తెలుసు, ఇక్కడ రాయను.

ఊరికే తప్పలేదు. మన చిన్నప్పటి పద్ధతి ఉంది గదా, ఒట్టు తీసి గట్టు మీద పెట్టడం! పడవను నీళ్లలోకి తొయ్యకముందు, ఏటవాలుగా దిగే గట్టు మీద ఒక రాయి తీసి పెట్టి, “వసుంధర మీద వేసిన ఒట్టు ఇదిగో ఇక్కడ పెడుతున్నాను, తిరిగొచ్చి తీసుకుంటాను” అని గట్టిగా అన్నాను.

“ఏంది అంకుల్ గిది, బ్యాకప్ తీస్తున్నరా?” అన్నాడు లోహిత్.

“అలాంటిదే” అన్నాను.

తరవాత జరిగింది చెబుతున్నాను. వాడు నిద్రలో ఉండగానే కర్ర విల్లులా వంగింది. “అంకుల్! గుంజుతున్నది! నన్నే గుంజుతున్నది!” అని ఒకటే కేకలు. రీలు వదలమంటే బిగిస్తాడు, బిగించమంటే వదులుతాడు. ఆ చేప ఒకసారి నీళ్లలోంచి పైకి లేచి తల విదిల్చింది. ఎర్రటి కన్ను, కంచు పళ్లెంలా ఒళ్లు. వలతో ఎత్తి ఒళ్లో పడేస్తే వాడు దాన్ని చూస్తూ ఏడ్చినంత పని చేశాడు. “మా అమ్మకు ఎట్ల జెప్పాలె అంకుల్, నమ్మదు” అన్నాడు. నా తల తిరగలేదు, నిజం. బాగున్నాను. ఎంతో బాగున్నాను.

పాట పాడుకుంటూ తిరిగొచ్చాము. వచ్చేసరికి గట్టు లేదు.

గట్టు లేకపోవడమేమిటంటావేమో. మీ ఊరి కాలవ గట్టు నీళ్లకన్నా ఎప్పుడూ ఎత్తే. గట్టు మీద పెట్టింది గట్టు మీదే ఉంటుంది. ఇది సముద్రం. అందులోనూ అమావాస్య పోటు. కోరంగిలో పుట్టినవాణ్ణి, ఇన్నేళ్లు రేవులో బతికినవాణ్ణి, పెట్టేటప్పుడు నాకు ఆ ఊసే రాలేదు. నేను రాయి పెట్టిన చోట మనిషి లోతు నీళ్లు. నీ మీద వేసిన ఒట్టు నీళ్లలో మునిగిపోయింది.

నేను పెద్దగా నమ్మకాలున్నవాణ్ణి కాదని నీకు తెలుసు. అయినా ఆ క్షణాన చాంగీ ఫోను బూత్‌కు ఎలా పరిగెత్తానో తెలీదు. ఆ ఆదివారం నీకు ఫోన్ వచ్చింది ఇందుకే. నువ్వు హలో అనగానే “బాగున్నావా” అన్నాను. “పొయ్యి మీద పాలున్నాయి, ఏంటి సంగతి?” అన్నావు. “ఏం లేదు” అని పెట్టేశాను. ఆ మాత్రానికి ఐఎస్‌డీ ఎందుకండీ అని ఉత్తరంలో దులిపావు. నీ పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు వినడానికి.

అక్కడితో మనసు కుదుటపడాలి. పడలేదు. పోటు తీసేదాకా గట్టున కూర్చున్నాను.

“ఆంటీ మంచిగనే ఉన్నదన్నరు గద, పోదాం పాండ్రి.”

“ఒట్టు నీళ్లలో ఉంది నాయనా.”

వాడు నన్ను విడిచిపోలేదు. హాకర్ కొట్లో అన్నం పొట్లాలు కట్టించుకొచ్చి, “మీరు తినకుంటె నేనూ తిన” అని మొండికేశాడు. తిన్నాను. ఏం తిన్నానో తెలియదు. నీళ్లవైపే చూస్తున్నాను. ఎంతసేపు చూసినా నీళ్లు ఏమీ చెప్పవు. తళతళమంటూ ఉంటాయి, అంతే. అంత అందం మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు. ఒక రాయి కోసమే ఇలా ఉంటే, పోయినేడు నువ్వు ఇదే గట్టున, చీకటి పడేదాకా... లాంచీ దగ్గరకు వచ్చినప్పుడు నువ్వు చెంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉండటం చూసి, ‘దీనికంత గొడవేమిటి’ అన్నాను. గుర్తుందా? నాకు ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది.

సాయంత్రానికి నీళ్లు తీశాయి. రాళ్లన్నీ బయటపడ్డాయి. అన్నీ తడిసి, అన్నిటికీ పాచి పట్టి, అన్నీ ఒకేలా ఉన్నాయి. వంగి వంగి వెదికాను. ఏ రాయి దగ్గర నిన్ను పెట్టానో తెలియలేదు. 

అక్కడే లోహిత్‌తో చెప్పాను, పడవ నీదేనని.

కాబట్టి నీ ప్రశ్నకు జవాబు: అమ్మేశాను. కర్రలు, ఎరల పెట్టె, ముక్కు విరిగిన ముసలి చేపతో సహా. ఒట్టు తప్పాక మాట నిలబెట్టుకున్నాను. ముందూ వెనకా అయింది, అంతకన్నా సమర్థించుకోను. తిట్టదలిస్తే ఉత్తరంలోనే తిట్టు, తీరిగ్గా చదువుకుంటాను.

ఇవాళ పొద్దున లోహిత్, వాడి రూమ్మేటు రాహుల్ కలిసి మొదటిసారి తమంతట తాము వెళ్లారు. పోటు నిండకముందే వచ్చెయ్యండని చెప్పి గట్టున కూర్చున్నాను. పోటు నిండింది. రాలేదు. లేచి నిలబడ్డాను. కూర్చున్నాను. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టి చూశాను. కదిలేదల్లా పడవలాగే ఉంది. హమీద్ టీ తెచ్చిస్తే ఏదో అన్నాను, పాపం. చివరికి మలుపు తిరిగి వచ్చారు, ఇద్దరూ నవ్వుకుంటూ, ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటూ.

“ఇదా రావడం? మీకోసం గట్టున ఒక ప్రాణం ఉందని ఒక్కసారైనా తోచిందా? చేపకున్న విలువ మనిషికి లేదా?” అని అరిచేశాను. ఒక్క అక్షరం కూడా నాది కాదు. అంతా నీదే.

రాహుల్ హడలిపోయాడు. లోహిత్ నెమ్మదిగా దిగి వచ్చి, “పది నిమిషాలే లేటైంది అంకుల్. ఏమైంది?” అన్నాడు. వాడు తడి చేత్తోనే నా చెయ్యి పట్టుకుని అలా కాసేపు నిలబడ్డాడు.

నువ్వు వచ్చాక ఒకసారి నిన్ను అక్కడికి తీసుకెళ్తాను. పోటు అందనంత ఎత్తున ఒక చోటు చూసిపెట్టాను, నీళ్లు చాలా దూరం దాకా కనిపిస్తాయి. మజ్జిగ సీసా పట్టుకెళ్దాం. నేను పక్కనే ఉంటాను గనక నువ్వు నీళ్లవైపు హాయిగా చూడొచ్చు.

నిఖిలకూ, అల్లుడికీ, నా ముక్కు పెట్టుకు పుట్టిన ఆ పిల్లకూ ఆశీస్సులు.

ఇట్లు,
నువ్వు ‘ఏవండీ’ అంటే పలికే,
నిఖిల నాన్న