ఫెర్మీన్ గారి పెద్ద అక్షరాలు

మే 4, సోమవారం

ఒక కంప్యూటరుకు రెండు యంత్రాలు తగిలించలేనివాడు నరకం తప్పించుకోగలడా? నువ్వే చెప్పు, పాస్టర్ నర్సీసో.

మా బయామో ఊళ్ళో అందరూ అలాంటివాళ్ళే. సంఘానికి దానంగా వచ్చిన పాత కంప్యూటరు వెనక ప్రింటరు కేబుల్ పట్టే చోటు ఒక్కటే ఉంది. మా ప్రింటరుకూ అదే కావాలి, కెనడా సహోదరుడు మోసుకొచ్చిన పాత స్కానరుకూ అదే కావాలి. ఇంజనీరునని చెప్పుకునే ఆర్సెనియో గంటసేపు చూసి, కొత్త కంప్యూటరు కావాలి అయ్యగారూ అన్నాడు. ఆ మాట చెప్పడానికి అయిదేళ్ళ చదువట! పాస్టర్ల చదువుకని నేను ఏ సెమినరీ గడపా తొక్కలేదు. నూట యాభై కీర్తనలు నోటికొచ్చు.

మా సంఘంలో పరిచర్య చేసే డీకన్ ఫెర్మీన్ చూపు పోతోంది. నెలాఖరు దాకా ఉంటే గొప్ప అంది డాక్టరమ్మ. ఆయన బైబిల్లో యోహాను సువార్త అంచుల నిండా నలభై ఏళ్ళుగా పెన్సిలుతో రాసుకున్న మాటలున్నాయి. వాటితో సహా పెద్ద అక్షరాల్లో అచ్చువేసి ఇస్తానని మాటిచ్చాను. చూపుండగా ఒక్కసారి చదువుకోవాలట.

మే 7

ఫెర్మీన్ భార్య ఒబ్దూలియా ఓస్మెల్ అనేవాణ్ణి వెంటబెట్టుకొచ్చింది. రేడియోలు బాగుచేస్తాడు. మెడలో చాంగో దేవుడి ఎరుపూ తెలుపూ పూసలు! దేవుని సన్నిధిలో!

స్కానరు మధ్యలో ఉండాలన్నాడు. కంప్యూటరు నుంచి కేబుల్ దానికి, దాన్నుంచి ప్రింటరుకు. పది నిమిషాల్లో ఒక కాగితం అచ్చయి వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి స్కానరు గురించి ఇంకేదో చెప్పబోయాడు. ముందు ఆ పూసలు తీసి మాట్లాడు అన్నాను.

తీస్తే ప్రింటరు ఇంకా బాగా పనిచేస్తుందా పాస్టరుగారూ, అని నవ్వుతూ పోయాడు. మూర్ఖుడు.

మే 9

మూడు పేజీలు స్కాన్ చేశాను. వెంటనే స్కానరు స్విచ్ ఆర్పేశాను. మా ఊళ్ళో కరెంటు కప్పలా గెంతుతుంది. పని అయిన యంత్రానికి విశ్రాంతి ఇవ్వకపోతే కాలిపోతుంది. మా అమ్మ ఫ్యానుకు కూడా విశ్రాంతి ఇచ్చేది.

ప్రింట్ కొట్టాను. ఒక్క అక్షరం పడలేదు.

మే 10

ఈరోజూ పడలేదు. పూసలవాడి చేతి పని మరి.

మే 13

ఓస్మెల్ని పిలవనా అయ్యగారూ, అంది ఒబ్దూలియా. బొమ్మలకు మొక్కే చేతులతో దేవుని వాక్యం అచ్చువేయించమంటావా అన్నాను. మీ పరిశుద్ధమైన చేతులతో పడటం లేదుగా, అంది. ముసలిదానికి నోరెక్కువైంది.

ఫెర్మీన్ నిన్న చక్కెర డబ్బా అనుకుని కాఫీలో ఉప్పు వేసుకున్నాడట.

మే 17, ఆదివారం

పౌలు చెప్పిన శరీరం గురించి ప్రసంగించాను. కన్ను చేతిని చూసి, నువ్వు నాకు అక్కర్లేదు అనవచ్చా? బల్ల గుద్ది అడిగాను. కిటికీ బయటినుంచి ఓస్మెల్ గొంతు వినిపించింది.

కన్ను ఆర్పేసి చేతిని పని చెయ్యమంటే ఎలా చేస్తుంది, పాస్టరుగారూ?

స్కానరు వెలుగుతుంటేనే దాని గుండా ప్రింటరుకు మాట అందుతుందట. నేను దాన్ని ఆర్పేస్తున్నానని ఒబ్దూలియా చెప్పిందట. ఆ రోజు గుమ్మం దగ్గర ఆగింది ఈ మాట చెప్పడానికేనట. సంఘమంతా నవ్వింది. ఫెర్మీన్ కూడా. ఆయన నవ్వు మాత్రం గోడ వైపు తిరిగి ఉంది.

మే 18, ఉదయం 7

స్విచ్ వేశాను. అక్షరం పడింది. అరచేతంత పెద్దగా చేయాలనిపించింది.

మే 22

అన్నీ అచ్చయ్యాయి. కరెంటు పోయి పోయి నాలుగు రోజులు పట్టింది.

ఫెర్మీన్ మొదటి కాగితాన్ని కిటికీ దగ్గర పెట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఇంకు బాగా ముదురుగా పడినట్టుంది అయ్యగారూ అన్నాడు. నా కళ్ళకు కాగితం తెల్లగా మెరుస్తోంది, ఆయనకే అంతా నలుపు. తన పెన్సిలు గీతల కోసం వేలితో తడిమాడు.

నేను చదవనా అన్నాను.

మీరొద్దు అయ్యగారూ, మీరు చదివితే ప్రసంగం అయిపోతుంది. దీన్ని నడిపించినవాణ్ణి పిలవండి, అన్నాడు.

గుమ్మం దగ్గర ఓస్మెల్ మాట విననందుకు పదకొండు రోజులు పోయాయి. ఆ పదకొండు రోజులూ ఆయనకు చూపుంది.

మే 23, ఉదయం 6

స్కానరు వెలుగుతూనే ఉంది. ఆర్పకు.

లే, నర్సీసో. ఓస్మెల్ ఇల్లు రెండు వీధుల అవతలే. పూసల మాట ఎత్తకు. గుమ్మం బయట నిలబడి అడుగు. ఈరోజే. కాఫీ తరవాత కాదు, ఇప్పుడే వెళ్ళు.