మళ్లీ మళ్లీ వచ్చిన పేరు

మీకు,

మీరు పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయ్యాక మీ ట్రంకుపెట్టె సర్దుతుంటే, అడుగున పరిచిన పేపరు కింద మీ చేతిరాతతో ఒక కాగితం దొరికింది. జీవితమంతా మీరు బడిలో చెప్పిన ఇంగ్లీషు నాకు ఒక్క ముక్క రాదు. అయినా పద్యాల చివర ఒకే మాట మళ్లీ మళ్లీ రావడం కనిపించింది. దవాఖానాలో నర్సుకు చూపించాను. పై రెండు పద్యాలు చూసి, "ఎవరో ఆడామె పేరు పెద్దమ్మా" అంది.

రెండు రోజులు ముద్ద దిగలేదు. ఆ కాగితం కొంగున ముడేసుకుని, సారపాకలో మీ తోటి టీచరు వెంకన్న ఇంటికి పోయాను. ఆయన చూసి నవ్వాడు.

"వదినా, ఆ పిల్ల సచ్చిపోయి ఆరేడు వందల ఏండ్లయితది. ఇది పాతకాలం ఇంగ్లీషు ప్రేమపాట, సూసి రాసుకున్నడు. అక్షరాల మీద పెట్టిన గీతలు మన లఘువు, గురువుల లెక్క. ప్రాస గూడ కుదిరింది. శతకంల మకుటం ఉంటది సూడు, ఆ పేరు గట్ల తిరిగి తిరిగి వస్తది."

"మీరిద్దరు దోస్తులు, గట్లనే చెప్తవ్. మరి దాచుడెందుకు?"

ఆయన మళ్లీ చదువుతూ ఆగిపోయాడు.

"ఆఖరి పద్యంల పేరు మార్చిండు వదినా. నడక తప్పింది."

"ఎవరి పేరు పెట్టిండు?"

"నీదే."

నమ్మలేదు. నా పేరు ఇంగ్లీషులో వేరే కాగితం మీద రాయించి, అక్షరం పక్కన అక్షరం పెట్టి చూసుకున్నాను. అన్నీ కలిశాయి.

తిరిగొచ్చే బస్సులో మాత్రం మీ మీద కోపం ఆగలేదు. ఒక్కసారి నాకు చదివి వినిపిస్తే ఏం పోయేది?