తడపని ఊలు

వదినా,

ఆదివారం అన్నయ్య స్వెటర్ కోసం వస్తానన్నావు. నువ్వు గడప తొక్కకముందే నా నోటితో నేనే చెప్పాలి. దాన్ని విప్పేశాను.

మా పాపకు అట్టముక్క మీద నేత నేర్పిద్దామని పాత ఊలు వెతికాను. నాన్నకీ అన్నయ్యకీ ఒకే బూడిద రంగులో అల్లావుగా, నాన్నదనుకున్నాను. ఒక చెయ్యి పూర్తిగా విప్పి రెండోది పట్టుకునేసరికి, మోచేతి దగ్గర నువ్వేసిన ఎర్ర అతుకు కనిపించింది. అక్కడే ఆపేశాను. అన్నయ్య పోయాక నువ్వు అడిగింది అదొక్కటే.

అమ్మకింకా చెప్పలేదు. విప్పిన ఊలు తడిపి వంకర్లు తియ్యమని నేర్పింది నువ్వే. తడపలేదు వదినా. నువ్వు అల్లిన వంపులన్నీ అలాగే ఉన్నాయి.

నీ సూదులు పట్టుకురా. ఎంతైనా తిట్టు, కానీ అల్లుతూ తిట్టు.

నీ ఆడపడుచు