లోపల ఎంతమంది?

సండూరు కొండ, జూన్ 10

ప్రియమైన రోహిణీ,

గనిలోకి సెల్లు తేనీయరు, అందుకే లారీ కేశవన్నతో ఈ ఉత్తరం. నువ్వు రాసిన ప్రోగ్రామును మా గేటు దగ్గర పెట్టారు. వచ్చేటప్పుడు, పోయేటప్పుడు మనుషులు కార్డు చూపిస్తే, లోపల ఎంతమంది ఉన్నారో బోర్డు చెప్పాలి. సున్నా పడితేనే నేను పేలుడుకు సైరన్ మోగించాలి.

ఈరోజు సున్నా పడింది. సైరన్ మీద చెయ్యి వేశాను. ఇంతలో లోపల ఎవరో నవ్వినట్టయింది. "యాడుండారు? ఎవురది?" అని అరిచాను. "ఏడు మందిమి ఉండాము పాపా, ఏంది?" అంది లోపల పనిచేసే దుర్గక్క. ఏడుగురూ బయటికి వచ్చేదాకా సైరన్ జోలికి పోలేదు.

నీ యూనీస్

బళ్లారి, జూన్ 13

ప్రియమైన యూనీస్,

కార్డులు మీరే సరిగా చూపించలేదని మొదట నీ మీద విసుక్కున్నాను. తప్పు నాదే. ఆ సంఖ్య అందరికీ కలిపి ఒక్కటే ఉండే స్టాటిక్ వేరియబుల్. దానికి మొదటి విలువ ఒక్కసారే ఇవ్వాలి. నేను మనిషి మనిషికీ కొత్తగా నడిచే కన్‌స్ట్రక్టర్‌లో ఇచ్చాను. దాంతో కొత్త మనిషి వచ్చిన ప్రతిసారీ పాత లెక్క చెరిగిపోయి, మళ్లీ సున్నా నుంచి మొదలైంది. చివరి మనిషి రాగానే ఒకటి పడి, ఎవరో ఒకరు బయటికి పోగానే సున్నా అయింది. ఇప్పుడు వేరియబుల్‌ను ప్రకటించిన వరుసలోనే సున్నా పెట్టాను.

జరిగిందంతా మా ఆఫీసు పెద్ద వెంకటరామి సారుకు రాసిచ్చాను. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు.

నీ రోహిణి

సండూరు కొండ, జూన్ 17

ప్రియమైన రోహిణీ,

బోర్డు సరిగ్గా చూపిస్తోంది. కానీ ఒక అనుమానం. ఇక్కడ కరెంటు ఊరికే పోతుంది. ప్రోగ్రాము మళ్లీ మొదలైతే పడేది నువ్వు పెట్టిన సున్నాయే కదా? అప్పటికి లోపల మనుషులుంటే? అందుకే సైరన్‌కు ముందు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తున్నాను. "గొంతు పోతాది తల్లీ" అంటున్నాడు గనిలో పనిచేసే పక్కీరప్ప.

నీ ఉద్యోగం సంగతి రాయి. దిగులుగా ఉంది.

నీ యూనీస్

బళ్లారి, జూన్ 22

ప్రియమైన యూనీస్,

ఆ మాట నాకు తట్టనే లేదు. ఇప్పుడు స్టాటిక్ బ్లాక్ రాశాను. ప్రోగ్రాము మొదలై క్లాసు లోడయ్యేటప్పుడు అది ఒక్కసారే నడిచి, ఫైల్లో దాచిన చివరి లెక్కను తెస్తుంది. ఫైలు అందకపోతే సున్నా వేయదు, ఎర్ర లైటు వెలిగిస్తుంది.

కరెంటు గురించి నువ్వడిగింది కూడా రాసిచ్చాక, సారు నన్ను పిలిచారు. "దాచినింటే పంపించేసేవాణ్ణి. చెప్పినావు గదా, పో, పని చూసుకో" అన్నారు. గుమ్మం దాటకముందే మళ్లీ పిలిచి, "కరెంటు సంగతి అడిగిన పాప ఎవరమ్మా? ప్రోగ్రాములు పరీక్షించే పనికి వస్తాదేమో కనుక్కో" అన్నారు. వస్తావా?

నీ రోహిణి

సండూరు కొండ, జూన్ 27

ప్రియమైన రోహిణీ,

నిన్న ఆరుగురు లోపల ఉండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చేదాకా బోర్డునే చూశాను. ఆరు పడింది. ఆరుగురూ బయటికి వచ్చి, సున్నా పడ్డాకే సైరన్ మోగించాను.

ఇక్కడ నా చోటికి వచ్చే అమ్మాయికి వారం రోజులు పని నేర్పించాలి. ఆ తరువాత వస్తానని మీ సారుకు చెప్పు.

నీ యూనీస్