లేని నొప్పి

నలుగురూ కత్తెర మాస్టారని పిలిచే నేను, దర్జీని, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి, నా తదనంతరం అమలు కావలసిందిగా రాయించుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి స్థిమితంగా ఉందని రాయాలన్నారు ప్లీడరు గారు. ఉంది. మనసు స్థిమితం సంగతి చట్టం అడగదట, బతికిపోయాను.

1. దుకాణం, రెండు కుట్టు మిషన్లు, ఇస్త్రీ బల్ల నా తమ్ముడికి చెందాలి. నాకు గుండెపోటు వచ్చి ఆపరేషన్ అయినప్పటి నుంచి వాడే దుకాణం నెట్టుకొస్తున్నాడు. నేను ఇంట్లో పడుకుని, వాడు కాలర్లు పాడుచేస్తున్నాడని వచ్చినవాళ్లందరికీ చెప్పాను. వాడు కాలరు నాకంటే బాగా కుడతాడు. ఈ మాట కూడా వాడి ఆస్తిలో జమ.

2. ఇల్లు నా భార్యకు సర్వహక్కులతో. నేను గదిలోకి రాగానే ఆమె నవ్వు ఆపేసేది, నా గుండెకు మంచిది కాదని. ఆపొద్దని నేనూ అనలేదు. ఇకమీదట ఆమె ముందుగదిలోనే కూర్చుని చెల్లెలితో ఫోన్లో గట్టిగా నవ్వవచ్చు, పోట్లాడవచ్చు. ఆ చెల్లెలే, అంటే నా మరదలే, ఈ వీలునామా అమలు చేయాలి. ఆమెకూ నాకూ ఎన్నడూ పడలేదు. నోరు పెద్దదే గానీ చెయ్యి శుభ్రం.

3. నడక బూట్లు పక్కింటి ఎలక్ట్రీషియన్‌కు. అడుగున మట్టి కూడా అంటలేదు. రోజూ పొద్దున్నే వచ్చి "పదండి మాస్టారూ, వీధి చివరిదాకా" అని పిలిచేవాడు. నిద్రపోతున్నానని చెప్పించేవాణ్ణి. అడుగు తీసి అడుగు వేస్తే గుండె ఆగిపోతుందని భయం. "దిగులుగా ఉంటోందా?" అని డాక్టరమ్మ అడిగినప్పుడు, గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "నాకేం దిగులండీ!" అని కస్సుమన్నాను. పోయిన నెల ఆమె దగ్గరే ఏడ్చాను. "గుండె జబ్బు వచ్చినవాళ్లలో చాలామందికి ఇది వస్తుందండీ. భయం, ఇక నా చేతిలో ఏమీ లేదనుకోవడం, ఎవరికీ చెప్పుకోకుండా లోపల దాచుకోవడం, ఇవే దాన్ని పెంచుతాయి. మీ తప్పు కాదు, మందుంది," అంది. మందు వాడుతున్నాను. దిగులు నా తప్పు కాదు, ఒప్పుకున్నాను. కింద రాసింది మాత్రం నా తప్పే.

4. పెద్ద కత్తెర నా కూతురికి. నా చేతికింద పని నేర్చుకుని నన్ను మించిపోయింది. పై ఊళ్లో బట్టల ఫ్యాక్టరీవాళ్లు కటింగ్ విభాగం చూసుకొమ్మని పిలిచారు. భోజనాల దగ్గర ఆ మాట చెప్పగానే నేను గుండె మీద చెయ్యి వేసుకుని వెనక్కి వాలాను. నొప్పి లేదు. ఇది వెళ్లిపోతే నాకెవరున్నారన్న భయం ఉంది, అంతే. పిల్ల ఎంగిలి చేత్తోనే మాత్ర కోసం పరిగెత్తింది. ఉద్యోగానికి రానని మర్నాడే వాళ్లకు చెప్పేసింది. తర్వాత ఆ ఊసు ఎత్తినప్పుడల్లా నా చెయ్యి అక్కడికే పోయేది. ఇప్పుడు మళ్లీ పిలిచారు. ఈ వారంలో జవాబు చెప్పాలి.

5. వీలునామా నా తర్వాతే తెరుస్తారట. అప్పుడు తెలిసి పిల్లకు ఏం లాభం? అందుకే సంతకానికి ముందే ఆమెను పిలిచి, సాక్షుల ఎదుట నాలుగో అంశం చదివాను. "అన్నిసార్లూ అబద్ధమేనా నాన్నా?" అంది. అవునన్నాను. ముఖం కందిపోయింది. విసురుగా లేచింది. గుమ్మం దగ్గర ఆగి, నావైపు చూడకుండానే, "ఇప్పుడు నీకు నొప్పేం లేదుగా?" అని అడిగింది.

లేదమ్మా, వెళ్లి రా అన్నాను.

తేదీ: జూన్ పన్నెండు, ఆదివారం

సంతకం: కత్తెర మాస్టారు

సాక్షులు:
మందుల షాపు ఆవిడ
వీధి చివరి లెక్కల టీచరు