సూది వెళ్లే దారి

నాన్నా,

రేపు ఉదయం నా రొమ్ములో గడ్డకు సూది పరీక్ష. అప్పట్లో మరోదాలోని మన స్టీల్ ప్లాంటు క్వార్టర్‌లో నువ్వు "సూది గుచ్చితే ఒళ్లంతా పాకిపోద్ది, నాకొద్దు" అన్న మాటే ఇవాళ డాక్టరమ్మని అడిగాను.

"అలా జరగడం చాలా అరుదు బేటీ. అయినా, దారిలో కణాలు అంటుకోకుండా సూదిని సన్నటి గొట్టంలోంచి పంపుతాం. పరీక్ష మానేస్తేనే ముప్పు," అందావిడ.

ఫర్నేస్‌కి కన్నం పెట్టి, కరిగిన ఇనుము పారాక మట్టితో మూసే పని ముప్పై ఏళ్లు చేసినవాడివి. ఒక్క సూది కన్నానికి భయపడ్డావు.

నాకూ భయంగానే ఉంది. అయినా ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాను.

నీ ప్రాణం తీసిన గడ్డకు ఆనాడు డాక్టరు సూది పరీక్ష రాసిచ్చిన చీటీని, "ఏటీ అవదులే నాన్నా" అంటూ చింపింది ఈ చేత్తోనే.